కళింగపట్నం సూర్యోదయానికి ఏది కొనాలి: మిర్రర్‌లెస్సా, ఫుల్‌ఫ్రేమా?

వంశధార_ఒడ్డు · శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. నా దగ్గర నికాన్ డీ5300 డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే రకం) ఉంది. దానితో వచ్చిన 18-55 ఎంఎం లెన్సు, తర్వాత కొన్న 70-300 ఎంఎం (దూరపువి దగ్గరగా చూపే టెలీ లెన్సు) ఉన్నాయి. నేను తీసేవి దాదాపు అన్నీ ల్యాండ్‌స్కేప్‌లే. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటు, శాలిహుండం కొండ మీది నుంచి కనిపించే నది, బారువ బీచ్, చలికాలంలో మంచు పట్టిన వరిచేలు, ఇలాంటివి.

కెమెరా మార్చాలనుకుంటున్నాను. బడ్జెట్ లక్షన్నర. విశాఖలో ఒక షాపులో అడిగితే "డీఎస్ఎల్ఆర్ల పని అయిపోయిందండీ, మిర్రర్‌లెస్ తీసుకోండి" అన్నారు. నా స్నేహితుడేమో "ల్యాండ్‌స్కేప్ అంటే ఫుల్‌ఫ్రేమే, ఇంకో మాట లేదు" అంటాడు. ఒక కాలేజీ వాళ్ళు హాల్లో పెట్టుకోవడానికి 36 అంగుళాల వెడల్పు ప్రింట్లు నాలుగు అడిగారు. అదొక టెన్షన్. మిర్రర్‌లెస్ కొనాలా, ఫుల్‌ఫ్రేమ్ కొనాలా?

గంటస్తంభం · విజయనగరం

చిక్కు మీ ప్రశ్నలోనే ఉంది మాస్టారూ. ఆ రెండూ ఒకదానికొకటి పోటీ కాదు. మిర్రర్‌లెస్ అంటే బాడీలో అద్దం లేదని. ఫుల్‌ఫ్రేమ్ అంటే సెన్సర్ 36×24 మిల్లీమీటర్లని. మీ డీ5300లో అద్దం ఉంది, సెన్సర్ చిన్నది (ఏపీఎస్-సీ, సుమారు 23.5×15.6). నికాన్ డీ750, డీ850లలో అద్దమూ ఉంది, సెన్సరూ పెద్దదే. నికాన్ జెడ్50, సోనీ ఏ6400 అద్దం లేని చిన్న సెన్సర్లు. నికాన్ జెడ్5, సోనీ ఏ7 వరస కెమెరాలు అద్దం లేని పెద్ద సెన్సర్లు.

ఇంకేముంది, మీ షాపాయనా, మీ స్నేహితుడూ ఇద్దరూ జెడ్5నే చూపించి "నేను చెప్పింది ఇదే" అనగలరు.

బొబ్బిలి_వీణ · బొబ్బిలి

ఫోన్లో తీసుకోండి బ్రదర్. నా ఫోన్లో రామతీర్థం కొండలు భలే వచ్చాయి.

గంటస్తంభం · విజయనగరం

ఫోన్లో చూసుకోవడానికి భలే వస్తాయి. ఆయన 36 అంగుళాల ప్రింట్ అడుగుతున్నాడు.

జీడితోట · పలాస

నేను ఫుల్‌ఫ్రేమ్ వాడతాను కాబట్టి ఆ పక్షం వకాల్తా నాది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం మీ సెన్సర్‌కి 2.3 రెట్లు. అదే షట్టరు సమయం, అదే అపర్చరు (లెన్సు రంధ్రం) పెడితే ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపు) కంటే కొంచెం ఎక్కువ వెలుతురు పోగవుతుంది. మన తీరంలో ఇది బాగా తెలుస్తుంది. మన సముద్రం తూర్పున ఉంది, అంటే సూర్యుడు ఎప్పుడూ మన ఎదురుగానే వస్తాడు. ఆకాశం మండిపోతూ ఉంటుంది, ముందున్న తెప్పలు, వలలు నల్లగా ఉంటాయి. ఆ నీడల్ని కంప్యూటర్లో పైకి లేపినప్పుడు చిన్న సెన్సర్లో గరగర (నాయిస్, ఇసుక చల్లినట్టు చుక్కలు) ముందు కనిపిస్తుంది.

ఇంకొకటి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెల్లవారుజామున పాలపుంత నడిమి భాగం ఆగ్నేయంలో, అంటే మనకు సరిగ్గా సముద్రం మీద లేస్తుంది. అమావాస్య దగ్గర్లో బారువ వైపు వెళ్ళి చూడండి. ఆ పనికి ఫుల్‌ఫ్రేమూ, ఎఫ్/2.8 లెన్సూ (ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఉంటే ఆ సుఖమే వేరు.

శాలిహుండం_మెట్లు · గార

> ఆ నీడల్ని పైకి లేపినప్పుడు చిన్న సెన్సర్లో గరగర

అన్నయ్యా, చేత్తో పట్టుకుని తీస్తే మీరు చెప్పింది నిజం. ట్రైపాడ్ మీద పెడితే అంత తేడా ఉండదు. డీ5300లో ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్ (ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుతురులో వరసగా తీయడం) ఉంది. మూడు ఫ్రేములు తీసుకుని, ఆకాశానికి ఒకటి, నేలకు ఒకటి కలుపుకుంటే సరిపోతుంది. అలలు కదులుతుంటే కలిపే చోట కొంచెం తిప్పలు తప్పవు, ఒప్పుకుంటాను.

రెండో సంగతి డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా స్పష్టంగా వస్తుందన్నది. ల్యాండ్‌స్కేప్‌లో కాళ్ళ దగ్గర రాయి నుంచి దూరాన లైట్‌హౌస్ దాకా అన్నీ షార్ప్‌గా కావాలి. మీ కెమెరాకు వైడ్ లెన్సు (ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టేది) తగిలించి, 11 ఎంఎం దగ్గర ఎఫ్/8 పెట్టి, సుమారు ముప్పావు మీటరు దూరంలో ఫోకస్ చేస్తే, నలభై సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో అదే దృశ్యానికి 16 ఎంఎం వాడాలి. ఎఫ్/8లో మీటరుకు పైగా దూరాన ఫోకస్ చేయాలి, అర మీటరు కంటే దగ్గరున్నది మసకబారుతుంది. నా ఫొటోతో సమానం కావాలంటే మీరు ఎఫ్/11, ఎఫ్/12 దాకా రంధ్రం మూయాలి. అలా మూశాక, షట్టరు మార్చకపోతే, మీకు ఎక్కువ వచ్చిన ఆ స్టాప్ వెలుతురు కాస్తా పోయినట్టే కదా.

జీడితోట · పలాస

షట్టరు సమయం పెంచుకుంటానమ్మా, ట్రైపాడ్ నాక్కూడా ఉంది. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన అంకె) 100లోనే ఉంటాను, వెలుతురు నాకే ఎక్కువ. జెడ్7, డీ850 అయితే ఐఎస్ఓ 64 కూడా ఉంది.

శాలిహుండం_మెట్లు · గార

గాలికి తాటాకులు ఊగకపోతే పెంచుకోండి :)

పాతలెన్సులు · విజయనగరం

ఇద్దరూ సెన్సర్ దగ్గరే ఆగిపోయారు. అసలు కథ లెన్సులో ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

డీఎస్ఎల్ఆర్లో లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య అద్దం పైకి లేవడానికి చోటు ఉండాలి. అందుకే నికాన్ ఎఫ్ మౌంట్లో (వాళ్ళ డీఎస్ఎల్ఆర్లకు లెన్సు బిగించే అమరిక) లెన్సు కూర్చునే అంచు నుంచి సెన్సర్ దాకా 46.5 మిల్లీమీటర్లు ఉంటుంది. కానన్ ఈఎఫ్‌లో అది 44. ఇప్పుడు ఆలోచించండి, 14 ఎంఎం లెన్సు వెనక గాజు సెన్సర్‌కు 40 మిల్లీమీటర్ల దూరంలో ఉండి కూడా బొమ్మను సరిగ్గా సెన్సర్ మీద వేయాలి. దానికోసం ముందు భాగంలో పెద్ద పెద్ద గాజులు పెట్టి కాంతిని మెలితిప్పాల్సి వస్తుంది. బరువు అక్కడే పెరుగుతుంది, మూలల్లో మసక కూడా అక్కడే మొదలవుతుంది. ఎఫ్ మౌంట్ 14-24 ఎఫ్/2.8 చూడండి, సుమారు కిలో బరువు. ముందు గాజు బయటికి ఉబ్బి ఉంటుంది, మామూలు ఫిల్టరు బిగించడానికి మర కూడా ఉండదు.

మిర్రర్‌లెస్‌లో అద్దం పోయింది కాబట్టి ఆ దూరం తగ్గింది. నికాన్ జెడ్‌లో 16 మిల్లీమీటర్లు, సోనీ ఈలో 18, కానన్ ఆర్ఎఫ్‌లో 20. వెనక గాజును సెన్సర్‌కు దగ్గరగా జరపొచ్చు. ఫలితం జెడ్ 14-30 ఎఫ్/4. 485 గ్రాములు, పైగా మామూలు 82 ఎంఎం ఫిల్టరు పడుతుంది. 14 ఎంఎం లెన్సుకు చదును ఫిల్టరు పడటమనేది ఎఫ్ మౌంట్ రోజుల్లో మేం అడగను కూడా అడగని కోరిక.

కాబట్టి ల్యాండ్‌స్కేప్ వాళ్ళకు మిర్రర్‌లెస్ వల్ల నిజంగా కలిసొచ్చేది వైడ్ లెన్సు దగ్గర. టెలీ లెన్సుల్లో ఈ లాభం పెద్దగా ఉండదు. వేగంగా ఫోకస్ చేయడం, కంటిని గుర్తించి దాని మీదే ఫోకస్ పట్టుకోవడం లాంటివి పెళ్ళిళ్ళకూ, తేలినీలాపురం పక్షులకూ. కొండ ఎక్కడికీ పారిపోదు.

స్టూడియో_పెద్ద · రాజాం

నాది పెళ్ళిళ్ళ స్టూడియో. మా వాళ్ళందరూ మిర్రర్‌లెస్‌కు మారిపోయారు. వాళ్ళు వదిలేసిన ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్లు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్లో చవకగా దొరుకుతున్నాయి. తమ్ముడికి నా సలహా: మంచి డీ750 ఒకటి వెతుక్కో, దానికి 16-35 ఎఫ్/4. లక్షన్నరలో సుబ్బరంగా తేలిపోతుంది, ట్రైపాడ్‌కీ మిగులుతుంది.

షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందన్న లెక్క) మాత్రం అడుగు. డీ750 షట్టరును లక్షన్నర క్లిక్కులకు పరీక్షించామని కంపెనీ చెప్పింది. పెళ్ళిళ్ళ కెమెరా అయితే ఆ దగ్గర్లోనే ఉంటుంది. కానీ నువ్వు ఉదయం పూట నలభై ఫొటోలు తీసేవాడివి, డెబ్భై వేలు తిరిగినదైనా నీకు చాలా ఏళ్ళు వస్తుంది. మౌంట్ దగ్గర గీతలు, లెన్సులో ఫంగస్, సెన్సర్ మీద మరకలు చూసుకో. ఎఫ్/16లో తెల్లగోడను తీసి చూస్తే మరకలన్నీ బయటపడతాయి.

గంటస్తంభం · విజయనగరం

పెద్దాయనా, మీ మాట మీద గౌరవంతోనే అంటున్నాను, ఇప్పుడు ఎఫ్ మౌంట్లో కొత్తగా డబ్బు పెట్టడం ఎందుకు? నికాన్, కానన్ రెండూ 2018లో ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ మొదలుపెట్టాయి. ఆ తర్వాత కొత్త లెన్సులు దాదాపు అన్నీ అటే వస్తున్నాయి. సోనీ 2013లోనే ఏ7తో మొదలెట్టింది.

స్టూడియో_పెద్ద · రాజాం

కొత్త లెన్సులు రాకపోతే ఉన్న లెన్సులు ఫొటో తీయడం మానేస్తాయా నాయనా? రేపు జెడ్ బాడీ కొన్నా ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ (ఎఫ్ లెన్సును జెడ్ బాడీకి బిగించేది) మీద 16-35 ఆటోఫోకస్‌తోనే పనిచేస్తుంది. స్క్రూతో తిరిగే పాత డీ రకం లెన్సులకే ఆటోఫోకస్ పోతుంది.

వంశధార_ఒడ్డు · శ్రీకాకుళం

ఇన్ని సంగతులు చెప్పినందుకు అందరికీ థాంక్స్. ఒక డౌట్. జెడ్5 బాడీ, అడాప్టర్ మాత్రం కొని, ప్రస్తుతానికి నా 18-55నే తగిలించుకుంటే? వైడ్ లెన్సు వచ్చే ఏడాది చూసుకుంటాను.

పాతలెన్సులు · విజయనగరం

అది మాత్రం చేయకండి. మీ 18-55 డీఎక్స్ లెన్సు, చిన్న సెన్సర్ కోసం చేసింది. దాన్ని జెడ్5కి తగిలిస్తే కెమెరా సెన్సర్ నడిమి భాగాన్ని మాత్రమే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ళలో మీకు చిక్కేది పది. ఇప్పుడు మీ డీ5300 అదే లెన్సుతో 24 ఇస్తోంది. డబ్బు పెట్టి వెనక్కి నడిచినట్టు.

ఫుల్‌ఫ్రేమ్ అంటే బాడీ ఖర్చు కాదు, లెన్సుల ఖర్చు. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. బాడీ మీద బడ్జెట్ అంతా పోస్తారు, కిట్ లెన్సు 24-50తో ఇంటికొస్తారు. 24 ఎంఎంతో వంశధార మొగను ఒక్క ఫ్రేములో పట్టడం కష్టం.

శాలిహుండం_మెట్లు · గార

ప్రింట్ల లెక్క ఎవరూ చెప్పలేదు. డీ5300 ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్ళు. 36 అంగుళాలకు పంచితే అంగుళానికి 167. డీ850 లేదా జెడ్7 అయితే 8256 పిక్సెళ్ళు, అంగుళానికి 229. కాలేజీ హాల్లో గోడ మీద ఫొటోను ఐదారు అడుగుల దూరం నుంచి చూస్తారు. ఆ దూరంలో 150 కూడా చాలు. ముక్కు ఆనించి చూసేది మనమే, ఫొటోగ్రాఫర్లమే.

నేను ఇంట్లో పెట్టుకున్న పెద్ద ప్రింట్ ఏపీఎస్-సీ కెమెరాదే. వచ్చినవాళ్ళు ఇది ఎక్కడ అని అడుగుతారు. ఏ సెన్సర్ అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఒక్క చిట్కా: డీ5300లో లైవ్ వ్యూ వేశారంటే అద్దం పైకి వెళ్ళిపోతుంది, సెన్సర్ చూసేదే తెర మీద కనిపిస్తుంది. ట్రైపాడ్ మీద అది మిర్రర్‌లెస్ చేసే పనే. తెరను తిప్పుకుని, పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేయండి. లైవ్ వ్యూలో ఆటోఫోకస్ నెమ్మది, నిజమే. మన పనికి దానితో అవసరం ఎంత?

జీడితోట · పలాస

తెర మీద అన్నీ కనిపించవు. మిర్రర్‌లెస్ వ్యూఫైండర్లోనే (కన్ను పెట్టి చూసే చోట) హిస్టోగ్రామ్ (వెలుగునీడల లెక్క చూపే గ్రాఫ్) వస్తుంది. ఎండ ముఖం మీద కొడుతుంటే వెనక తెర కనిపించదు, వ్యూఫైండర్లో కన్ను పెడితే అంతా తెలుస్తుంది. ఆకాశం తెల్లగా కాలిపోతోందో లేదో తీయకముందే చూసుకోవచ్చు. ఇది చిన్న లాభం కాదు.

బ్యాటరీ మాత్రం అన్యాయం. కంపెనీ లెక్కల ప్రకారమే డీ850కి 1840 ఫొటోలు, మొదటి జెడ్6కి 310.

గంటస్తంభం · విజయనగరం

పవర్‌బ్యాంక్ పెట్టుకుంటే సరి. అదొక పెద్ద లోపమేమీ కాదు.

బొబ్బిలి_వీణ · బొబ్బిలి

మీరందరూ వైడ్ వైడ్ అంటున్నారు గానీ, ఆయన దగ్గర 70-300 ఉంది కదా. నేను ఇప్పుడు ఫోన్ గురించి మాట్లాడట్లేదు, నిజంగానే అడుగుతున్నాను. ల్యాండ్‌స్కేప్ టెలీతో తీయకూడదా?

పాతలెన్సులు · విజయనగరం

మంచి మాట అన్నారు. తీయొచ్చు, తీయాలి కూడా. మన జిల్లాల్లో ఒక వైపు సముద్రం, ఇంకో వైపు తూర్పు కనుమలు. చలికాలం ఉదయం తాటిపూడి రిజర్వాయర్ దగ్గర కొండలు ఒకదాని వెనక ఒకటి లేత నీలం పొరల్లా నిలబడతాయి. వైడ్ లెన్సు పెడితే ఆ కొండలు సన్నటి గీతలా అయిపోతాయి. 200 ఎంఎంతో తీస్తే పొరలు దగ్గరకు జరుగుతాయి, ముందు తాటిచెట్ల వరస, వెనక కొండలు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు కనిపిస్తాయి. ఉద్దానం వైపు వెళ్తే ఒడిశాలోని మహేంద్రగిరి, 1501 మీటర్లు, గాలి తేటగా ఉన్న రోజున ఇదే లెన్సుకు పని పెడుతుంది. వాన వెలిసిన మర్నాడు వెళ్ళండి, పొగ తక్కువ ఉంటుంది.

పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు) గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సూర్యుడు మీ ఎడమ పక్కనో కుడి పక్కనో ఉన్నప్పుడే అది బాగా పనిచేస్తుంది. వైడ్ లెన్సు మీద వేస్తే ఆకాశంలో ఒక పట్టీ ముదురు నీలం, మిగతాది తెలుపు. చూడటానికి బాగోదు. వరిచేలల్లో నీటి మెరుపు తగ్గించడానికి, తడి ఆకుల పచ్చదనం తేవడానికి వాడండి.

స్టూడియో_పెద్ద · రాజాం

బీచ్‌కి వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ట్రైపాడ్ ఇసుకలో పెట్టినప్పుడు కాళ్ళు లోపలికి గట్టిగా నొక్కండి. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింది ఇసుకను లాక్కుపోతుంది. పది సెకన్ల ఎక్స్‌పోజర్ అంతా ఊగిపోతుంది. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, కీళ్ళు విప్పి ఆరబెట్టండి. ఉప్పు తింటే అల్యూమినియమైనా, కార్బన్ ట్రైపాడ్ మీది మరలైనా బిగుసుకుపోతాయి.

బీచ్‌లో లెన్సు మార్చకండి. మిర్రర్‌లెస్‌లో చాలా వాటికి లెన్సు తీయగానే సెన్సర్ బయటికి కనిపిస్తుంది. డీఎస్ఎల్ఆర్లో ముందు అద్దం, షట్టరు అడ్డం ఉంటాయి. కానన్ ఆర్‌లో ఆఫ్ చేస్తే షట్టరు మూసుకుంటుంది, నికాన్ జెడ్9లో కూడా మూత ఉంది.

జీడితోట · పలాస

ఫంగస్ సంగతి కూడా. మన తీరంలో గాలి తేమ లెన్సులకు శత్రువు. డ్రై క్యాబినెట్ కొనుక్కుంటే నలభై, యాభై శాతం మధ్య పెట్టండి. నేను ఇప్పటికీ గాలి చొరబడని డబ్బా, రంగు మారే సిలికా జెల్ కూడా ఉంచుకుంటాను. 2018లో తిత్లీ తుఫాను వచ్చి వెళ్ళాక మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేని క్యాబినెట్ ఉత్త బీరువా.

బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. పొడి అంతా లెన్సు కీళ్ళలోకి పోతుంది.

ఏసీ గదిలోంచి తిన్నగా బీచ్‌కి తీసుకెళ్తే గాజు మీద ఆవిరి పడుతుంది. సంచిలోనే మూసి ఉంచి, బయటి వేడికి అలవాటయ్యాక తీయండి. జూన్‌లో మనకు ఐదున్నర లోపే సూర్యోదయం. ఆ ఎరుపు రంగులు దానికి అరగంట ముందే వస్తాయి. శ్రీకాకుళం నుంచి నాలుగింటికి బయల్దేరండి, అద్దం ఉన్న కెమెరా అయినా లేనిదైనా.

వంశధార_ఒడ్డు · శ్రీకాకుళం

సరే. అన్నీ రెండు సార్లు చదివాను. నేను అనుకుంటున్నది ఇది. డీ5300 ఉంచుకుంటాను. దానికి నికాన్ ఏఎఫ్-పీ 10-20 వైడ్ లెన్సు తీసుకుంటాను, 230 గ్రాములే అట. ఇప్పుడున్న ట్రైపాడ్ గాలికి ఊగుతోంది, దాన్ని మారుస్తాను. మిగిలిన డబ్బు కదపను. కాలేజీ ప్రింట్లు అయ్యాక విశాఖలో జెడ్5, 14-30 ఒక రోజుకు అద్దెకు తెచ్చి, అదే చోట నా కెమెరాతోనూ తీసి, 36 అంగుళాలకు ప్రింట్ వేయించి చూస్తాను. తేడా కనిపిస్తే అప్పుడు కొంటాను. ఇందులో ఏమైనా తప్పుందా?

గంటస్తంభం · విజయనగరం

నాకైతే ఇప్పుడే జెడ్‌కి మారమనే ఉంది. మీ డబ్బు, మీ ఇష్టం.

శాలిహుండం_మెట్లు · గార

బాగుంది. 10-20 కొనగానే డీ5300 ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి, ఏఎఫ్-పీ లెన్సులకు అది కావాలి. కెమెరా నిద్రలోకి వెళ్ళి లేచిన ప్రతిసారీ ఫోకస్ మళ్ళీ చూసుకోండి. ఎఫ్/8 దగ్గరే ఉండండి, ఎఫ్/16 దాకా మూస్తే చిన్న సెన్సర్లో డిఫ్రాక్షన్ (సన్న రంధ్రం అంచుల్లో కాంతి చెదరడం) వల్ల ఫొటో మెత్తబడుతుంది.

జీడితోట · పలాస

అద్దెకు తెచ్చిన రోజున ఒక్క ఫ్రేము ఎదురెండలో, బ్రాకెటింగ్ లేకుండా, నీడలు లేపి పోల్చండి. మబ్బు పట్టిన రోజు పోల్చి "తేడా లేదు" అంటే ఒప్పుకోను.

స్టూడియో_పెద్ద · రాజాం

తమ్ముడూ, 10-20కి 72 ఎంఎం ఫిల్టర్లు పడతాయి. అవి కొనకు. ఎన్‌డీ (వెలుతురు తగ్గించే ఫిల్టరు) అయినా పోలరైజర్ అయినా 82 ఎంఎంవే కొని, 72 నుంచి 82 స్టెప్-అప్ రింగు వేసుకో. లెన్సు హుడ్ పట్టదు, ఎదురెండ పడితే టోపీ అడ్డం పెట్టుకో. రేపు 14-30 కొన్నా అవే ఫిల్టర్లు దానికీ పడతాయి.